చిల్కాలో సంతకం పెట్టే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

పెందుర్తి నుంచి ఒకమ్మాయి అడిగింది: "మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ పాసై నేవీ అగ్నివీర్ ఎస్‌ఎస్‌ఆర్‌కి సెలెక్ట్ అయ్యాడు. నవంబరులో చిల్కాలో రిపోర్ట్ చెయ్యాలి. ఇంకా 18 నిండలేదు కాబట్టి ఫారం మీద నాన్న సంతకం కూడా కావాలట. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఏం చూసుకుని సంతకం పెట్టాలి? నచ్చకపోతే మధ్యలో వచ్చేయొచ్చా? గవర్నమెంటు జాబ్ వచ్చేసింది కదా అని నాన్న మేడ మీద ఇంకో అంతస్తుకి లోను మాట్లాడుతున్నారు. ఇంకో చిన్న సంగతి, మాఘంలో నా పెళ్ళి అనుకుంటున్నారు. వాడికి సెలవు ఇస్తారా?"

అమ్మా, నేను నేవీలో పద్దెనిమిదేళ్ళు చేసి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా దిగాను. ఇప్పుడు మల్కాపురంలో ఉంటున్నాను. మా వీధిలో ఏ కుర్రాడికి కాల్‌లెటర్ వచ్చినా ఆ సాయంత్రం తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికొస్తాడు. కాబట్టి మీరడిగినవన్నీ నాకు అలవాటైన ప్రశ్నలే. పెళ్ళి ప్రశ్న మాత్రం కొత్తది, దాన్ని చివర్లో చెప్తాను. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క: అగ్నివీర్ అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ళకి తీసుకునే ఉద్యోగం, ఎస్‌ఎస్‌ఆర్ అంటే ఇంటర్ పాసైనవాళ్ళని నావికులుగా తీసుకునే భర్తీ, చిల్కా అంటే ఒడిశాలో ఉన్న నేవీ ట్రైనింగు కేంద్రం.

ముందు నా సంతకం కథ. 1998లో చిల్కాలో ఒక పొడవాటి హాలు, వరసగా బల్లలు, ఒక్కో బల్ల వెనకాల ఒక రైటర్. రైటర్ అంటే నేవీలో గుమాస్తా పని చేసే సెయిలర్. నా ముందు కాగితాల బొత్తి పడేసి, వేలు పెట్టి "ఇధర్, ఇధర్, ఇధర్" అంటూ పోయాడు. నేను సంతకం పెడుతూ పోయాను. రాత్రంతా రైల్లో వచ్చాను, వెనకాల రెండొందల మంది లైన్లో ఉన్నారు, హిందీ అంతంతమాత్రం. ఏం చదువుతాం? అందులో ఒక గడిలో మా అమ్మ పేరు నర్సమ్మ అని రాయించాను, ఇంట్లో అలాగే పిలుస్తాం కాబట్టి. రేషను కార్డులో ఆవిడ పేరు అప్పలనర్సమ్మ. ఆ మూడక్షరాల తేడా పదేళ్ళ తర్వాత ఆవిడ ఆపరేషనప్పుడు బయటపడింది. నోటరీ అఫిడవిట్టు, తహసీల్దారు కాగితం, యూనిట్‌లో జెన్‌ఫార్మ్ అనే నేవీ ఫారం, మళ్ళీ దాని కాపీ... ఆర్నెల్లు తిరిగాను. అందుకే చెప్తున్నా, చదవాల్సింది చిల్కా బల్ల దగ్గర కాదు. నోటిఫికేషన్, కాల్‌లెటర్‌తో వచ్చిన సూచనలు, డిక్లరేషన్లు అన్నీ ప్రింటు తీయించి, మీరే కూర్చుని మీ నాన్నగారికి తెలుగులో ఒక్కో లైను చదివి వినిపించండి. రెండు సాయంత్రాల పని. వాడు చిల్కాలో పెట్టబోయే సంతకం ఆ షరతులన్నిటి మీదా పెట్టినట్టే.

మీ తమ్ముడు సంతకం పెట్టేది ఎలాంటి కాగితమో చెప్తాను. అందరూ దాన్ని కాంట్రాక్టు అంటారు. మనకి తెలిసిన కాంట్రాక్టులో రెండు పక్షాలుంటాయి, నచ్చకపోతే నోటీసిచ్చి వచ్చేస్తాం. గాజువాకలో కంపెనీలో చేరినట్టు. ఇది ఎన్‌రోల్‌మెంటు. ఆ సంతకంతో వాడు 1957 నాటి నేవీ చట్టం కిందకి వెళ్ళిపోతాడు. మనందరికీ ఉన్న ప్రాథమిక హక్కుల్లో కొన్నిటిని సైన్యంలో ఉన్నవాళ్ళకి తగ్గించే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణ పార్లమెంటుకి ఇచ్చింది. యూనియన్ పెట్టకూడదు, పేపరుకెక్కకూడదు, రాజకీయ సభల జోలికి పోకూడదు. షరతులు కూడా చేరిన రోజున ఉన్నట్టే ఎప్పటికీ ఉంటాయనుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగం నియామకంతో మొదలైనా తర్వాత అది హోదా అవుతుందని, ఆ షరతుల్ని ప్రభుత్వం ఏకపక్షంగా మార్చగలదని సుప్రీంకోర్టు 1967లోనే రోషన్‌లాల్ టండన్ కేసులో చెప్పింది.

ఇక "నచ్చకపోతే మధ్యలో వచ్చేయొచ్చా" అన్నదానికి జవాబు: రాలేరు. నాలుగేళ్ళు పూర్తికాకుండా సొంత కోరిక మీద బయటికి పంపడం అసాధారణ పరిస్థితుల్లోనే, అదీ పై అధికారి మంజూరు చేస్తేనే. చెప్పకుండా వచ్చేస్తే మొదట ఆబ్సెంటు, తర్వాత డిజర్టర్, అంటే పారిపోయినవాడు. పోలీసులు పెందుర్తిలో మీ ఇంటి తలుపు కొడతారు. మా బ్యాచ్‌లో ఒకడు మూడో వారంలో గోడ దూకి బాలుగావ్‌లో రైలెక్కి ఇంటికొచ్చేశాడు. వాళ్ళ నాన్న అదే రోజు రాత్రి వాణ్ణి వెనక్కి తీసుకొచ్చి గేటు దగ్గర అప్పజెప్పాడు. ఆ పెద్దాయన చేసిన పని ఆ కుర్రాడికి జీవితాన్ని మిగిల్చింది. మీ నాన్నగారికి ఈ ముక్క ముందే చెప్పి ఉంచండి. మొదటి నెల ఫోన్లో ఏడుస్తారు, అందరూ ఏడ్చినవాళ్ళే. "వచ్చేయరా నాన్నా" అని మాత్రం అనకూడదు.

వాడు వదల్లేడు గానీ, నేవీ వాణ్ణి వదిలేయొచ్చు. చిల్కాకి వెళ్ళాక ఫైనల్ మెడికల్ ఉంటుంది. అందులో ఫిట్ అయితేనే ఎన్‌రోల్ చేసుకుంటారు. కాబట్టి ఊళ్ళో ఫ్లెక్సీ కట్టించడం ఆ మెడికల్ అయ్యేదాకా ఆపండి. ట్రైనింగ్‌లో ఎప్పుడైనా సరిగ్గా చెయ్యకపోతే 'అన్‌సూటబుల్' అని రాసి ఇంటికి పంపొచ్చని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. కోపంతో చెప్తున్నది కాదమ్మా ఇది, సైన్యం ఎప్పుడూ అలాగే నడిచింది. కాకపోతే మా రోజుల్లో ఆ ఒక్కవైపు తాడుకి బదులుగా పదిహేనేళ్ళ ఉద్యోగం, పైన పెన్షను ఉండేవి. ఇప్పుడు తాడు అంతే గట్టిగా ఉంది, అవతలి చివర నాలుగేళ్ళే ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు. మీ నాన్నగారి లోను గురించి నాకు బెంగ పట్టుకుంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

అగ్నిపథ్‌ని 2022 జూన్ 14న ప్రకటించారు. జీతం మొదటి ఏడు నెలకి 30,000, రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000. అందులో 30 శాతం సేవా నిధి అనే ఫండుకి కోసేస్తారు. చేతికి వచ్చేది వరసగా 21,000, 23,100, 25,550, 28,000. డీఏ లేదు, పీఎఫ్ లేదు. తిండి, బట్ట, మందు నేవీ చూసుకుంటుంది. ఓడ మీద పడితే ఆ పనికి తగ్గ అలవెన్సు ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది పోస్టింగుని బట్టి.

మొన్నామధ్య సింధియాలో టీ కొట్టు దగ్గర ఒక తండ్రి పట్టుకున్నాడు. గంగవరం వైపు మనిషి, చేపల వ్యాపారం. "ఏటి బాబూ, మా గుంటడు సెటిలైపోయినట్టేనా?" అన్నాడు. కాల్‌లెటర్ జెరాక్సు వెనక్కి తిప్పి, అక్కడే లెక్క రాసి చూపించాను. నెలజీతాలన్నీ కూడితే నాలుగేళ్ళలో కుర్రాడి చేతికొచ్చేది 11 లక్షల 71 వేల 800. కోసేసిన సేవా నిధి 5 లక్షల 2 వేలు, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది, వడ్డీతో కలిపి దిగే రోజున సుమారు 11 లక్షల 71 వేలు, దాని మీద ఆదాయపన్ను లేదు. అంటే నెలనెలా వచ్చేదంతా ఒకెత్తు, దిగినప్పుడు ఒకేసారి వచ్చేది ఇంచుమించు అంతే ఇంకొకెత్తు. ఆయన ఆ రెండు అంకెల కిందా గోటితో గీత గీశాడు. "ఆ తర్వాత?" అన్నాడు. ఆ తర్వాత గడి ఖాళీ. ఆయన టీ చల్లారిపోయింది గానీ లెక్క పూర్తిగా అర్థమైంది.

మీ మేడ మీద అంతస్తుకి ఇదే లెక్క వేద్దాం. 12 లక్షల లోను, 15 ఏళ్ళు, 9 శాతం వడ్డీ అనుకోండి. కిస్తీ నెలకి 12 వేల పైచిలుకు. తమ్ముడు పంపే డబ్బుతో నాలుగేళ్ళు ఒక్క కిస్తీ తప్పకుండా కట్టారనుకుందాం. అంటే 5 లక్షల 80 వేల పైన కట్టేశారు. అయినా బ్యాంకులో బాకీ ఇంకా 10 లక్షల 17 వేలు ఉంటుంది, ఎందుకంటే మొదటి ఏళ్ళలో కట్టేది ఎక్కువ వడ్డీకే పోతుంది. అదే నెలలో తమ్ముడు సేవా నిధి 11 లక్షల 71 వేలతో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఉద్యోగం లేకుండా గుమ్మంలో దిగుతాడు. ఆ డబ్బు ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు. వాడి నాలుగేళ్ళ కష్టం మేడ మీద స్లాబు అవుతుంది, వాడు మళ్ళీ మొదటి మెట్టు మీదుంటాడు. అద్దె మీద కిస్తీ వెళ్ళిపోయే లెక్క ఉంటే లోను తీసుకోండి, తప్పు లేదు. వాడి జీతం మీద మాత్రం నాలుగేళ్ళకి మించిన అప్పు చెయ్యకండి. మీ నాన్నగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించినా చాలు నాకు.

"మావాడు ఆ 25 శాతంలో ఉంటాడండీ" అని ప్రతి తండ్రీ అంటాడు, అంటే నాలుగేళ్ళయ్యాక పర్మనెంటుగా ఉంచుకునేవాళ్ళలో. ఉండొచ్చు. కానీ కాగితం మీద ఉన్నది 25 శాతం 'వరకు'. ఆ 'వరకు' అన్న మాటని కోచింగు అకాడమీల వాళ్ళు బ్యానర్ మీద వెయ్యరు. నాలుగేళ్ళ తర్వాత పర్మనెంటు కేడర్‌కి దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఇస్తారు, నాలుగేళ్ళ పనితీరుని బట్టి, అవసరాన్ని బట్టి తీసుకుంటారు, నన్ను తీసుకోవాల్సిందే అని అడిగే హక్కు లేదు. ఈ పథకం మీద కోర్టుకెళ్ళారు కూడా. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు పథకం చెల్లుతుందంది, ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు అప్పీళ్ళు కొట్టేసింది. కాబట్టి "ఎలాగూ మారుస్తారులే" అన్న ఆశతో సంతకం పెట్టొద్దు. మారితే మంచిదే.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. 25 శాతంలో ఎంపికైతే సేవా నిధిలో వాడు దాచుకున్నది, దాని వడ్డీ మాత్రమే వస్తాయి. ప్రభుత్వం వాటా రాదు. ఉద్యోగం కొనసాగుతుంది కాబట్టి అది న్యాయమే అనుకోండి, కానీ 11 లక్షలూ పర్మనెంటు ఉద్యోగమూ రెండూ వస్తాయనుకుని ప్లాను వేసుకున్న ఇళ్ళు నేను చూశాను. అలాగే సొంత కోరిక మీద మధ్యలో బయటికొచ్చినా ప్రభుత్వం వాటా ఉండదు.

నాలుగేళ్ళకి దిగిపోయినవాడికి పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. నౌసేనాబాగ్ (విశాఖలో నేవీ కాలనీ) క్యాంటీన్ కార్డు, ఆస్పత్రి సౌకర్యం సర్వీసులో ఉన్నంతవరకే. ఉన్నవి కూడా చెప్పాలి కదా: వాడి జేబులోంచి పైసా కట్టకుండా 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. డ్యూటీ కారణంగా ప్రాణం పోతే దానిపైన 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి. కుటుంబానికి నెలనెలా వచ్చే పెన్షను మాత్రం లేదు. వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు.

ఆ వైకల్యం డబ్బుకి ఒక మెలిక ఉంది. అది సర్వీసు వల్లే వచ్చిందని మెడికల్ బోర్డు రాయాలి. మా ఓడ మీద ఒక కుర్రాడు లోపలి నిచ్చెన మీంచి జారి మోకాలు కొట్టుకున్నాడు. సిక్‌బేకి, అంటే ఓడలోని వైద్యం గదికి, వెళ్తే "పనిదొంగ" అంటారని మూడు రోజులు కుంటుతూనే వాచ్ డ్యూటీ చేశాడు. వాపు తగ్గింది, మర్చిపోయాడు. రెండేళ్ళ తర్వాత అదే మోకాలికి ఆపరేషన్ పడింది. ఎప్పుడు తగిలింది, ఎక్కడ తగిలింది అంటే చూపించడానికి ఒక్క కాగితమ్ముక్క లేదు. మీ తమ్ముడికి ఇది గట్టిగా చెప్పండి: దెబ్బ తగిలితే అదే రోజు సిక్‌బే రిజిస్టర్‌లో పడాలి. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

నిజం దాచే అలవాటు అసలు ఫారం దగ్గరే మొదలవుతుంది. మీవాడి మీద ఏదైనా కేసు ఉందా, ఎప్పుడైనా అరెస్టయ్యాడా అని అడుగుతారు. కాలేజీ గొడవలో స్టేషనుకి వెళ్ళొచ్చాడు, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, "అది కేసే కాదులే, లేదని రాసెయ్" అని బంధువుల్లో ఒక పెద్దమనిషి సలహా ఇస్తాడు. ఆ సలహా వినొద్దు. పోలీసు వెరిఫికేషన్‌లో అది తేలుతుంది. చిన్న కేసు ఉండటం కన్నా, దాచిపెట్టడమే ఉద్యోగం తీసేస్తుంది. ఆర్మీ చట్టంలోనైతే చేరేటప్పుడు కావాలని తప్పు సమాధానం ఇచ్చినట్టు తేలితే కోర్టు మార్షల్‌లో అయిదేళ్ళ వరకు జైలు వెయ్యొచ్చని 44వ సెక్షన్ ఉంది. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా జరిగిన గొడవలో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడ్డాక, ఇలాంటి అల్లర్లలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలని సైన్యం ప్రకటించింది కూడా. ఆ రోజు ఉత్సాహం కొద్దీ వెళ్ళి, కేసు మెడకి పడి, ఇంకెప్పుడూ యూనిఫాం వేసుకోలేని కుర్రాళ్ళున్నారు.

ఆరోగ్యం సంగతీ అంతే. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా, చెవికి ఆపరేషన్ అయిందా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చిన్నచిన్నవైతే ముందే సరిచేసుకోవచ్చు. చెవిలో గుబిలి, పళ్ళ మీద గార. వీటిని శుభ్రం చేయించుకుని రమ్మని నోటిఫికేషన్‌లోనే రాస్తారు, ఎవరూ చదవరు. రెండొందల రూపాయలతో పోయేదానికి చిల్కా దాకా వెళ్ళి మొహం వేలాడేసుకున్నవాణ్ణి నేను చూశాను. పచ్చబొట్టు ఉంటే మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచెయ్యి వెనక మాత్రమే ఒప్పుకుంటారు.

పెళ్ళి కాలేదని రాసివ్వాలి, నాలుగేళ్ళూ చేసుకోకూడదు. చేసుకున్నట్టు తేలితే డిస్మిస్ చేస్తారు. మీవాడికి ఇంకా ఆ వయసు రాలేదు గానీ, మన వైపు మేనరికం మాట ఇచ్చేసి, నిశ్చితార్థం పేరుతో గుళ్ళో దండలు మార్పించే పెద్దలుంటారు. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టేది కూడా వాళ్ళే.

ఇక నోటిమాటలు. రిక్రూట్‌మెంటు చుట్టూ తిరిగే మధ్యవర్తులు, కొన్ని కోచింగు సెంటర్ల వాళ్ళు చెప్పే కబుర్లకి అంతుండదు. "ఎస్‌ఎస్‌ఆర్ అంటే టెక్నికలేనండీ, దిగగానే మర్చంట్ నేవీలో లక్ష జీతం", "వైజాగ్‌లోనే పోస్టింగు వేయిస్తాం". ఏ బ్రాంచి ఇవ్వాలన్నది నేవీ అవసరాన్ని బట్టి నేవీయే తేలుస్తుంది. పోస్టింగు కార్వార్ కావచ్చు, ముంబయి కావచ్చు, అండమాన్ కావచ్చు. తూర్పు నౌకాదళం కేంద్రం మన ఊళ్ళోనే ఉందని ఇంటి దగ్గర వేస్తారనుకోవద్దు. నేను పద్దెనిమిదేళ్ళలో వైజాగ్‌లో ఉన్నది అయిదేళ్ళే. కాగితం మీద లేని మాట ఏదైనా చెప్పారంటే, "అది ఎక్కడ రాసుందో చూపించండి బాబూ" అనండి, చాలు. డబ్బడిగినవాడి దగ్గర ఆ మాట కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయండి. నేవీకి మీరు కట్టేది పరీక్ష ఫీజు 550 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ అకాడమీలోనైనా పెట్టారా? పెట్టుంటే ఇవాళే వెళ్ళి తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందని టెన్త్ మెమో బీరువాలో పెట్టుకుని, రిపోర్టింగు ముందు రోజు దాకా ఏడిపించిన చోటు ఒకటి నాకు తెలుసు. ఆ కుర్రాడు రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. నేను, ఇంకో ఇద్దరు రిటైర్డు వాళ్ళు వెళ్ళి గుమ్మంలో కూర్చుంటే గానీ ఇవ్వలేదు.

పేర్ల విషయం నా కథలో చెప్పాను కదా, మీ ఇంట్లో ఇప్పుడే చూడండి. టెన్త్ మెమోలో పేరు ఎలా ఉందో అదే అసలు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, ఇంటర్ మెమో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు పెద్ద తద్దినం. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట ముందు, ఒకచోట చివర. ఉత్తరాది రైటర్‌కి చివర్లో ఉన్నదే ఇంటిపేరు. సింహాచలం, అప్పలరాజు, పైడితల్లి లాంటి పేర్లు వాడి చేతిలో పడితే ఏ స్పెల్లింగు వస్తుందో దేవుడికే ఎరుక. నాన్న పేరు, అమ్మ పేరు, పుట్టినతేదీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒక కార్డు మీద రాసి వాడి జేబులో పెట్టండి. అది చూసి నింపమనాలి. నామినీ గడి ఖాళీగా వదలకూడదు, ఎవరి పేరు ఎంత వాటా అన్నది ఇంట్లోనే మాట్లాడుకుని పంపండి. మీ నాన్నగారు తన సంతకం బ్యాంకులో ఎలా పెడతారో ఇక్కడా అలాగే పెట్టాలి.

సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ముందే ఫోటో తీసి ఇంట్లో ఉంచుకోండి. చేరాక ఫోన్ చేతిలో ఉండదు. లోపలి కాగితాలు, యూనిట్ వివరాలు, ఓడ కదలికలు లాంటివి ఎప్పుడూ పంపమని అడగొద్దు. అధికార రహస్యాల చట్టం దిగిపోయాక కూడా వాణ్ణి వదలదు. నేను చెప్పేది ఇంట్లో నింపి తీసుకెళ్ళే కాగితాల గురించే.

నాలుగేళ్ళ తర్వాత ఏంటి? కేంద్ర పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో అగ్నివీరులకి 10 శాతం రిజర్వేషన్, వయసులో సడలింపు 2022లో ప్రకటించారు. కోస్ట్‌గార్డు, రక్షణ శాఖ సివిలియన్ పోస్టులు, రక్షణ రంగ ప్రభుత్వ సంస్థల్లోనూ 10 శాతం అన్నారు. రిజర్వేషన్ ఉందంటే క్యూలో ఒక లైను వేరుగా ఉందని. పరీక్ష రాయాలి, మెరిట్‌లో రావాలి. మర్చంట్ నేవీలోకి వెళ్ళడానికి దారులు కూడా 2022లో షిప్పింగ్ శాఖ ప్రకటించింది. అవి బ్రాంచిని బట్టి, సంపాదించిన సర్టిఫికెట్లని బట్టి. మీవాడు చేరిన మొదటి ఏడే ఇగ్నో డిగ్రీకి పేరు నమోదు చేసుకోవాలి. అగ్నివీరుల కోసం పెట్టిన డిగ్రీలో సగం క్రెడిట్లు వాడి ట్రైనింగే ఇస్తుంది, మిగతా సగం చదివి రాయాలి. సముద్రం మీద నెట్ ఉండదు, వాచ్ దిగాక కళ్ళు మూతలు పడతాయి. అయినా రాసినవాళ్ళు రాస్తున్నారు. 22 ఏళ్ళకి చేతిలో డిగ్రీ, బ్యాంకులో చెక్కుచెదరని 11 లక్షలు, ఒంట్లో ఆ క్రమశిక్షణ ఉన్న కుర్రాడు మన ఊళ్ళో బీటెక్ పూర్తి చేసి రోడ్డు మీద తిరిగే కుర్రాడికి ఏ విధంగానూ తీసిపోడు. డిగ్రీ లేకుండా, డబ్బు స్లాబులో పోసేసి వచ్చినవాడి గురించే నా భయమంతా. 2022 నవంబరులో చిల్కాలో మొదలైన తొలి బ్యాచ్, 273 మంది ఆడపిల్లలతో కలిపి దాదాపు 2,600 మంది, నాలుగేళ్ళు నింపుకునేది 2026 చివర్లో. మీవాడు మాత్రం వాళ్ళ ఫలితం కోసం ఎదురుచూడకుండా మొదటి రోజు నుంచే చదవాలి.

పంపాలా వద్దా అని మీరు అడగలేదు, అయినా చెప్తాను. వాడికి నిజంగా ఇష్టమైతే పంపండి. నా కొడుకైనా పంపేవాణ్ణే. నాన్న అప్పు తీర్చడానికి వెళ్తున్నాడంటే మాత్రం ఒకసారి వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, మీరే అడగండి, నాన్న ముందు చెప్పడు. సంతకం వాడిది. పక్కన నాన్న సంతకం కావాలన్నారంటే, వాడికి ఇంకా ఆ వయసు రాలేదని చట్టమే ఒప్పుకుంటోందన్నమాట.

ఇక మీ పెళ్ళి. నవంబరులో వెళ్తే చిల్కాలో 16 వారాల ట్రైనింగు, పాసింగ్ అవుట్ పరేడ్ మార్చిలో పడుతుంది. ట్రైనింగు మధ్యలో అక్క పెళ్ళని సెలవు అడిగితే దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది గానీ, అది ట్రైనింగు అయ్యాక మాట. మాఘంలో పెట్టుకుంటే వాడు ఆ రోజు చిల్కాలో మైదానం మీద ఫాలిన్‌లో, అంటే వరసలో, నిలబడి ఉంటాడు. లాజహోమంలో మీ దోసిట్లో పేలాలు పొయ్యాల్సింది తమ్ముడే కదా. పంతులుగారిని ఉగాది దాటాక, వైశాఖంలో ముహూర్తం చూడమనండి. అప్పుడు కూడా సెలవు చీటీ చేతికొచ్చేదాకా పత్రికలో వాడి పేరు పక్కన ఇండియన్ నేవీ అని వేయించకండి.